చిన్న విమానము – నిజమైన కొలత

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము, కాకినాడలపై బాంబులు వేసినవి. ఆకాశమున విమానమొకటి కనబడినపుడు అది మనదా, శత్రువుదా అని క్షణములలో తేల్చుకొనుట ఆనాడు ప్రాణములతో కూడిన సమస్య. దూరమున రంగులు తెలియవు, గుర్తులు కానరావు. రెక్కల వంపు, తోక తీరు, ఇంజనుల సంఖ్య – ఇవే ఆధారములు. ఆ సంవత్సరముననే అమెరికా నౌకాదళము తన దేశపు హైస్కూలు విద్యార్థులను 5 లక్షల నమూనా విమానములు చేసి ఇమ్మని కోరినది. వాటిని చూచి సైనికులు విమానములను గుర్తుపట్టుట నేర్చుకొనిరి. నమూనాలో రెక్క తప్పుగా ఉన్నచో స్వపక్షపు విమానముపైననే తుపాకి పేలవచ్చును. కావున నమూనా నిర్మాణము ఆటవస్తువుల పని మాత్రమే కాదు. అది కొలతల శాస్త్రము.

72లో ఒక వంతు

ఆ విద్యార్థులకు నిర్ణయించిన కొలత 1:72. అనగా అసలు విమానమున 6 అడుగులు నమూనాలో 1 అంగుళ మగును. నేటికిని ఈ కొలత ఎక్కువ వాడుకలో నున్నది. విశాఖ సముద్రతీరమున 2017లో ప్రదర్శనశాలగా తెరువబడిన నౌకాదళపు టి.యు.-142 విమానము పొడవు సుమారు 53 మీటర్లు. ఈ కొలతలో దాని నమూనా 74 సెంటీమీటర్లు మాత్రమే.

పొడవు 72 రెట్లు తగ్గినపుడు వైశాల్యము 5,184 రెట్లు, ఘనపరిమాణము 3,73,248 రెట్లు తగ్గును. 3 టన్నుల విమానమును అదే లోహముతో, అదే పలుచదనముతో 1:72లో చేయగలిగినచో దాని బరువు 8 గ్రాములే! అట్టి పలుచని రేకు చేతికి లొంగదు. అందుచేత నమూనా ఆకారమున సత్యమే గాని బరువున సత్యము కాదు.

పెట్టెలోని భాగములు చాలునా?

దుకాణములలో దొరకు పెట్టెలలోని ప్లాస్టిక్ భాగములను అతికించినచో విమానము తయారగును. కాని ప్లాస్టిక్ గోడ మందము 1 మిల్లీమీటరు ఉన్నదనుకొనుడు. 72తో గుణింపగా 7 సెంటీమీటర్లకు మించును. అసలు విమానపు రేకు మందము సామాన్యముగా ఒకటి రెండు మిల్లీమీటర్లు! అట్లే నమూనాపై 0.3 మిల్లీమీటర్ల రివెట్టు తల అసలు విమానమున రూపాయి బిళ్లంత యగును. కావున శ్రద్ధగల నిర్మాత రెక్కల వెనుక అంచులను, చక్రముల తలుపులను గరుకు కాగితముతో అరగదీయును. మోటుగా నున్న వాటిని తీసివేసి స్వయముగా చేసికొనును.

ఇందులకు పలుచని ప్లాస్టిక్ రేకు, కరెంటు తీగలోని సన్నని రాగిపోగులు చాలును. భాగములను పట్టియుంచిన ప్లాస్టిక్ కడ్డీలను కూడ పారవేయరాదు. అట్టి కడ్డీని కొవ్వొత్తి మంటకు కొంచెము ఎడముగా త్రిప్పుచు, మెత్తబడగానే మంటనుండి తీసి రెండు చేతులతో లాగినచో సన్నని తీగ వచ్చును. ప్లాస్టిక్ పరిమాణము మారదు గనుక, పొడవు 100 రెట్లు పెరిగినపుడు వ్యాసము 10వ వంతగును. 2 మిల్లీమీటర్ల కడ్డీ ఇట్లు 0.2 మిల్లీమీటర్ల తీగ యగును. పెద్ద విమానమున అది సుమారు 14 మిల్లీమీటర్ల గొట్టమునకు సరి. ఈ పని ఉపాధ్యాయుని సమక్షమున, గాలి వచ్చుచోట చేయవలెను.

ప్లాస్టిక్ దొరకనిచోట చెక్క పనికివచ్చును. కొండపల్లి బొమ్మలవారు తేలికైన తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల జిగురు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో భాగములను అతికి, సున్నము పూసి, పిదప రంగులు వేయుదురు. చెక్కను చెక్కి మక్కుతో సరిచేయు ఈ పద్ధతి నమూనా విమానములకును తగును.

రంగులోని నిజము

విమానమునకు వాడిన రంగునే తెచ్చి నమూనాకు పూసినచో అది మరీ ముదురుగా కనబడును. కారణమేమి? నాగాయలంక రేవున నిలిచి చూడుడు. దగ్గరి పడవ రంగు గాఢముగా నుండును. అదే రంగు పడవ కృష్ణ ఆవలి ఒడ్డున వెలిసినట్లు తోచును. నడుమనున్న గాలి, తేమ, ధూళి వెలుతురును చెదరగొట్టుటయే దీనికి హేతువు. 1:72 నమూనాను మీటరు దూరమునుండి చూచుట, అసలు విమానమును 72 మీటర్ల దూరమునుండి చూచుటతో సమానము. అందుచేత రంగులో కొంచెము తెలుపు కలుపుదురు.

రంగును పలుచని పూతలుగా, ఒకటి ఆరిన పిదప మరొకటి వేయవలెను. పిమ్మట బాగుగా పలుచన చేసిన నల్లరంగు బొట్టును గాడి మొదట ఉంచినచో, దీపపు వత్తిలోనికి నూనె ప్రాకినట్లు, కేశనాళికా శక్తిచే అది గాడి వెంట పరుగెత్తును. రేకుల అతుకులు స్పష్టమగును.

మరకలకును కారణముండవలెను. ఇంజను పొగ గాలివాటున వెనుకకే పోవును. ముందుకు పోయిన మరక అబద్ధము. పైలటు కాలు మోపుచోటనే రంగు ఎక్కువగా అరుగును. సముద్రపు గాలికి దివిసీమలో ఇనుప లంగరు ఎర్రగా త్రుప్పుపట్టును గాని, ఇంటిలోని సత్తు గిన్నె అట్లు కాదు. దానిపై తెల్లని పొడి ఏర్పడును. విమానపు రేకు అధికభాగము అల్యూమినియము మిశ్రలోహమే. దానిపై ఎర్రని త్రుప్పు చిత్రించుట రసాయనశాస్త్రమునకు విరుద్ధము.

ఏ సంవత్సరపు విమానము?

గుర్తులు కాలమునుబట్టి మారును. రెండవ ప్రపంచ యుద్ధమున జపాను విమానముల గుర్తు ఎర్రని బిళ్ల. దానితో పొరపడకుండుటకై భారత వైమానిక దళపు విమానముల గుర్తులలోని ఎరుపును యుద్ధకాలముననే తొలగించి, నీలము, తెలుపుల ఛాయలు మాత్రమే ఉంచిరి. స్వాతంత్ర్యానంతరము కొంతకాలము అశోకచక్రము, తరువాత వెలుపల కాషాయము, నడుమ తెలుపు, మధ్య ఆకుపచ్చ గల వలయములు వచ్చినవి. ఒక్క ఎర్రచుక్క తప్పుగా నుండుట ఒకనాడు మనవాని ప్రాణమునకే ముప్పు.

నమూనా చేయదలచిన విద్యార్థి ముందుగా జిగురు సీసాను గాక, కొలబద్దను చేతబట్టవలెను. అసలు కొలతలు, చిత్రము తీసిన సంవత్సరము, తన కొలత – ఈ మూటిని ఒక కాగితముపై వ్రాసికొనవలెను. పాఠశాల ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్‌తో ప్రతి భాగమును కొలిచి 72తో గుణించి చూచిన విద్యార్థికి నిష్పత్తి పాఠము మరల చెప్పనక్కరలేదు.