తేట నీళ్ళలో ఏమున్నది?

గడచిన వేసవిలో ఒక ఆదివారము, ఆరాధన ముగిసిన తరువాత, చివ్వెంల మండలములోని ఒక ఇంట మేము భోజనమునకు కూర్చున్నాము. పదవ తరగతికి వెళ్ళబోవుచున్న ఆ ఇంటి అమ్మాయి పుస్తకము తెచ్చి మా ముందు పెట్టినది. “పరమాణు నిర్మాణం, రసాయన బంధం అని పాఠాలున్నయి అయ్యగారూ. కంటికి కనపడనిదాని గురించి ఇన్ని పేజీలు చదివి మేమేం జేయాలె?”

మార్కుల కోసమమ్మా అని చెప్పి తప్పించుకొనవచ్చును. అంతలో ఆమె నాయనమ్మగారు మంచినీళ్ళ చెంబు తెచ్చారు. ఆమె మెడ తిరగదు. ప్రక్కనున్నవారిని చూడవలెనంటే ఒళ్ళంతా త్రిప్పవలసినదే. పుట్టిల్లు మర్రిగూడ వైపు. “చిన్నప్పటి సంది తాగిన నీళ్ళే ఇట్ల జేసినయి బిడ్డా” అన్నారు. అమ్మాయి ప్రశ్నకు జవాబు ఆ ఇంట్లోనే ఉన్నదని మాకు తోచినది.

ఫ్లోరైడ్ సంగతి నల్లగొండవారికి క్రొత్త కాదు. 2016 అక్టోబరులో సూర్యాపేట వేరు జిల్లా అయ్యేవరకు చివ్వెంల కూడ ఆ జిల్లాలోనిదే. ఫ్లోరైడ్ వలన ఎముకలు బిగిసిపోవుటను గూర్చి మన దేశములో తొలిగా వెలువడిన నివేదిక తెలుగు నేలకు సంబంధించినదే. 1937లో షార్ట్ అను వైద్యుడు, ఆయన తోటివారు అప్పటి నెల్లూరు జిల్లాలో చూచినదానిని ప్రకటించారు. నల్లగొండ జిల్లా బాధను సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు.

ఇంతమందిని వంచిన ఆ వస్తువు ఎంతటిది? పరమాణువు నడుమ కేంద్రకము ఉండును. అందులో ధనావేశము గల ప్రోటాన్లు, ఏ ఆవేశము లేని న్యూట్రాన్లు ఉండును. చుట్టూ కక్ష్యలలో ఋణావేశము గల ఎలక్ట్రాన్లు ఉండును. ఫ్లోరిన్‌కు ప్రోటాన్లు 9, ఎలక్ట్రాన్లు 9. లోపలి కక్ష్యలో 2, బయట 7. బయట 8 నిండితేనే నెమ్మది. ఎనిమిది మంది కూర్చునే బంతిలో ఒక్క విస్తరి ఖాళీ అన్నమాట. పరమాణువు చిన్నది, ఆ ఖాళీ చోటు కేంద్రకమునకు దగ్గర. అందుచేత బంధములో ఎలక్ట్రాన్లను తన వైపు లాగుకొనుటలో ఫ్లోరిన్‌ను మించిన మూలకము లేదు. దానిని విడిగా పట్టబోయి కొందరు శాస్త్రవేత్తలు ప్రాణములే పోగొట్టుకొన్నారు. చివరకు 1886లో ఫ్రాన్సు దేశస్థుడు మోయిస్సాన్ సాధించారు.

మన బోరు నీళ్ళలో ఉండునది ఆ వాయువు కాదు. ఎక్కడో ఒక ఎలక్ట్రాన్‌ను తీసికొని ఆకలి తీర్చుకొన్న ఫ్లోరైడ్ అయాన్. దానికి ఎలక్ట్రాన్లు 10, ప్రోటాన్లు 9 గనుక ఒక ఋణావేశము మిగిలినది. ధనావేశము గలది కనబడితే అంటుకొనును.

“చూడకుండనే లెక్కెట్ల తెలిసింది?” అని అమ్మాయి ఆపినది. మంచి ప్రశ్నే. మనకు తెలిపినది వెలుగు. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పచ్చగా మారుటను మన ఇళ్ళలో స్త్రీలందరు ఎరుగుదురు. ఉప్పులోని సోడియమునకు వేడి తగిలినప్పుడు దాని బయటి ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగిరి, తిరిగి దిగునప్పుడు ఆ పసుపు వెలుగును విడుచును. ప్రతి మూలకమునకు మెట్లు వేరు గనుక రంగుల గీతలును వేరు, మన వేలిముద్రలవలె. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరుకు వచ్చి సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును గీతలుగా విడదీసి చూచారు. ఆ యేడు సూర్యకాంతిలో కనబడిన ఒక పసుపు గీత సోడియము గీతకు దగ్గరగా ఉన్నదేగాని అది కాదు. అదే హీలియము. భూమిమీద అది దొరికినది 1895లో. మెట్ల సంగతిని 1913లో బోర్ వివరించారు. ఆ యేడే మోస్లే మూలకములు వెదజల్లు ఎక్స్-రే కాంతిని కొలిచి, ఆవర్తన పట్టికలోని వరుస సంఖ్య కేంద్రకములోని ఆవేశపు లెక్కయేనని చూపారు. ఎక్స్-రే కూడ వెలుగే, మన కంటికి కనబడదు, అంతే.

ఇక నాయనమ్మగారి మెడ సంగతి. ఎముకలోని గట్టి పదార్థము కాల్షియము, ఫాస్ఫేటు, హైడ్రాక్సైడులతో కట్టబడినది. ఫ్లోరైడ్ అయాన్ ఇంచుమించు హైడ్రాక్సైడ్ అంతే ఉండును, ఆవేశమును అంతే. కాబట్టి దానిని నెట్టి ఆ చోట కూర్చుండును. కాల్షియముతో దాని పట్టు మరింత గట్టిది గనుక తేలికగా లేవదు. ఏండ్ల తరబడి ఇట్లు జరిగితే ఎముక బరువెక్కును, కీళ్ళను కట్టి ఉంచు నరములవంటి బంధనములలోనికి కూడ సున్నము చేరును, వెన్ను, మెడ బిగిసిపోవును. ఒకసారి బిగిసినదానిని మరల మామూలు చేయు మందు లేదు. పిల్లలకైతే చిగురు లోపల పళ్ళు తయారగుచున్నప్పుడే, అనగా దాదాపు ఎనిమిదేండ్ల లోపు, దెబ్బ తగులును. ఆ గోధుమరంగు మరకలు తోమినా పోవు.

అమ్మాయి తల్లి అప్పటివరకు వినుచు ఊరకున్నది. “నల్లా నీళ్ళు వస్తున్నయి గాని మాకు పొలం బోరు నీళ్ళే రుచి. రోజు రెండు క్యాన్లు తెచ్చుకుంటం. తేటగనే ఉన్నయి. కాచి తాగితే పోదా?” అన్నది. ఆమె ఒడిలో నాలుగేండ్ల బాబు ఉన్నాడు.

పోదు. నీరు ఆవిరియై ఫ్లోరైడ్ అక్కడే నిలుచును గనుక కాచేకొద్దీ చిక్కనగును. దీనికి రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. మన దేశపు ప్రమాణములో 1 లోపు ఉండుటే మేలు, వేరే నీళ్ళు లేనప్పుడు 1.5 వరకు. ఇక్కడి నల్లరాతిలో ఫ్లోరైడ్ గల ఖనిజములున్నవి. నీటిలో కాల్షియము ఎక్కువగా ఉంటే దానిని పట్టి ఉంచును, తక్కువైతే నీటిలోనే మిగిలిపోవును. ఒక బోరులో ఉండి ప్రక్క బోరులో లేకపోవచ్చును గనుక పొరుగువారి మాట విని నిశ్చయించుకొనరాదు.

పరీక్షలో మరల వెలుగే సాక్షి. జిర్కోనియము అను లోహమును ఒక ఎర్ర రంగుతో జతపరచిన ద్రావణమును నీటిలో కలుపుదురు. ఫ్లోరైడ్ ఉంటే అది జిర్కోనియమును ఆ రంగు చేతిలోనుండి లాగుకొనును. జత విడిపోగా ఎలక్ట్రాన్లు పీల్చుకొను వెలుగు మారి గులాబి రంగు పసుపునకు తిరుగును. ఎంత తిరిగినదో చూచి ఎంత ఉన్నదో చెప్పుదురు.

తీసివేయుటకు కూడ ఈ అంటుకొను గుణమే పనికివచ్చినది. నాగపూరులోని నీరి సంస్థవారు 1970లలో రూపొందించి, మన జిల్లా పేరే పెట్టిన ‘నల్లగొండ పద్ధతి’ ఇదే: నీటిలో కొంచెము సున్నము, దానికి ఎన్నో రెట్లు పటిక వేసి మెల్లగా కలిపి ఒక గంట కదలక ఉంచవలెను. పటికలోని అల్యూమినియము దూదివంటి తునకలై ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగునకు దిగును. పైతేటను మాత్రమే తీసికొనవలెను. చౌకయే గాని, ఎంత వేయవలెనో ఆ నీటినిబట్టి ఉండును. చేతికొలతగా వేసినయెడల అల్యూమినియము నీటిలో మిగులును. మంచి నదీజలములు నల్లాలో వచ్చుచుండగా ఈ తంటా దేనికని మా అభిప్రాయము. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్ళు వాకిటిలో ఉండగా పొలమునుండి మోసికొని వచ్చుట రుచి కోసమే గదా.

“చారు గూడ మానాలెనా?” అని నాయనమ్మగారు నవ్వుచు అడిగారు. ఆ మాట మాకు సంతోషము కలిగించినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు పెట్టి చూడగా, మూత్రములో ఎక్కువ ఫ్లోరైడ్ బయటికి పోయినదని 2002లో ప్రకటించారు. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ కూడ మంచివే. అయితే నీళ్ళు మార్చకుండ చారు త్రాగి లాభము లేదు.

మేము లేచునప్పటికి అమ్మాయి ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి వెదకి తెచ్చినది. గాజుదైతే ఫ్లోరైడ్ దానికి కొంత అంటుకొనవచ్చునని మేము చెప్పియుంటిమి. తండ్రి బండి తీశారు. ఆమె పొలము బోరు దగ్గర ఆ నీళ్ళతోనే సీసాను మూడుసార్లు తొలిచి, నిండుగా పట్టి, కాగితము మీద ఊరి పేరు, తేదీ, బోరు లోతు వ్రాసి అంటించినది. సోమవారము సూర్యాపేటలో నీటి పరీక్షకు ఇచ్చివత్తునని తండ్రి అన్నారు. ఆ సాయంత్రము బాబుకు నల్లా నీళ్ళు పట్టిరి. ముఖము చిట్లించి త్రాగినాడు.