తూలడం వేరు, ఊగడం వేరు

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థంలో, వెదుళ్లతో కట్టి భుజాల మీద మోసే గంగలకుర్రు ప్రభ కౌశిక నదిలోకి దిగడం చూసొచ్చి, దాని మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. 2023 రిపబ్లిక్ డేకి మన ఆంధ్రప్రదేశ్ తరఫున ఢిల్లీ వీధిలో ఈ ప్రభల తీర్థమే శకటమై నడిచింది కదా, ఇంగ్లీషులో చెప్పలేకపోతానా అనుకున్నాను. మొదటి వాక్యంలోనే కలం ఆగింది. ప్రభ కదిలింది అంటే చాలదు. నిఘంటువు తీస్తే స్వే, వాబుల్, టాటర్, టీటర్, స్టాగర్, లర్చ్, వేవర్ అని వరసగా నిలబడ్డాయి. వాటి పక్కన ఊగు, తూలు, తడబడు అనే మూడు మాటలనే అటూ ఇటూ మార్చి పెట్టారు. మన ఇంగ్లీషు చదువులో చాలా అపోహలకు పుట్టిల్లు అక్కడే.

అపోహ: ఇవన్నీ పర్యాయపదాలు, ఏది వాడినా ఒకటే.

వాస్తవం: కదలిక ఎక్కడ పుట్టిందో చూడండి, తేడా దానంతటదే తెలుస్తుంది. కొబ్బరిచెట్టు స్వే అవుతుంది. దానికి మొదలు గట్టిగా ఉంది, తల ఊగుతోంది. కాఫీ హోటల్లో బల్ల వాబుల్ అవుతుంది. దానికి కాలు సమంగా లేదు, అట్టముక్క మడిచి పెడితే ఊరుకుంటుంది. కొత్తగా తొక్కడం నేర్చుకుంటున్న పిల్లాడి సైకిలూ ఈ జాబితాలోదే. గోడలు నాని, వాసాలు పుచ్చిన పాత పెంకుటిల్లు టాటర్ అవుతుంది. అది ఇవాళో రేపో కూలేదే. టీటర్ అనేది అంచు మీది మాట. పడిందీ లేదు, నిలిచిందీ లేదు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మన కోనసీమ చెట్లు కూడా మొదట స్వే అయినవే. తెల్లారేసరికి వేళ్లతో సహా పడి ఉన్న తోటలకు మాత్రం ఈ వరసలో ఏ మాటా చాలదు.

ఇప్పుడు ప్రభ దగ్గరికి రండి. వెదుళ్లతో కట్టింది కాబట్టి అది స్వే అవుతుంది, అలా ఊగితేనే దానికి అందం. కింద భుజం పట్టినవాడు బరువుకి స్టాగర్ అవుతాడు. గట్టు మీంచి నీళ్లలోకి దిగేచోట ప్రభ ఒక్క క్షణం టీటర్ అవుతుంది. ఒడ్డున జనం ఊపిరి బిగబట్టేదీ, శరభ శరభ అని కేక లేచేదీ అప్పుడే. టాటర్ అని మాత్రం రాయకూడదు. రాస్తే గంగలకుర్రు వాళ్లు ఊరుకోరు, ఆయ్.

అపోహ: స్టాగర్ తాగుబోతుల మాట.

వాస్తవం: కల్లుపాక నుంచి ఇంటికెళ్లేవాడికి అది సరిపోయేమాట నిజమే. కానీ ధాన్యం బస్తా ఎత్తుకున్నవాడూ, దెబ్బ తిన్నవాడూ, చావు కబురు విన్నవాడూ స్టాగర్ అవుతారు. తూలడానికి మందే అక్కర్లేదు, మోయలేనిది ఏదైనా చాలు. ఇంకో సంగతి కూడా ఉంది. బడి వేళలు స్టాగర్ చేశారని పేపర్లో వస్తే అందులో తూలేది ఎవరూ లేరు. అందర్నీ ఒకేసారి రానివ్వకుండా వేళలు ఎడంగా మార్చారని అర్థం. కొబ్బరి తోటలో మొదటి వరస మొక్కల సందుకి ఎదురుగా రెండో వరస మొక్కలు నాటితే అదీ స్టాగరే.

అపోహ: హెజిటేట్ అన్నా ఫాల్టర్ అన్నా ఒకటే.

వాస్తవం: తటపటాయింపు మొదలుపెట్టక ముందు, తడబాటు మొదలుపెట్టాక. మైకు దగ్గరికి వెళ్లాలా వద్దా అని కుర్చీ వదలనివాడు హెజిటేట్ చేస్తున్నాడు. ఆ మాటకి లాటిన్ మూలం కూడా అతుక్కుపోవడమే. వెళ్లి రెండు వాక్యాలు మాట్లాడి గొంతు పట్టుకుపోయినవాడు ఫాల్టర్ అయ్యాడు. ఫాల్టర్ కాలికీ చెల్లుతుంది, నోటికీ చెల్లుతుంది. మన తడబాటూ అంతే, అడుగూ తడబడుతుంది, మాటా తడబడుతుంది. ఈ మొత్తం పట్టికలో తెలుగూ ఇంగ్లీషూ ఇంత చక్కగా అతికిన జోడు నాకు ఇంకోటి కనబడలేదు.

వేవర్, వేసిలేట్ కూడా ఇలాగే కలిసిపోతుంటాయి. ఒక నిర్ణయం మీద నిలబడి, మెల్లగా మెత్తబడుతున్నవాడిది వేవర్. గాలికి వణికే దీపం లాంటిది. అమలాపురంలో ఇల్లు కట్టాలా, రాజమండ్రిలో ఫ్లాటు కొనాలా అని పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ చెప్పేవాడిది వేసిలేట్, అచ్చమైన ఊగిసలాట. దీనికే షిల్లీషాలీ అని మరో ముద్దుపేరుంది. 'షల్ ఐ, షల్ ఐ' అని తనలో తాను గొణుక్కోవడం లోంచి పుట్టిన మాట అది. "వెళ్లనా? మాననా?" అని గుమ్మంలో నిలబడే మన మేనమామలు ఇంగ్లండులోనూ ఉన్నారన్నమాట.

అపోహ: స్వే అంటే ఎప్పుడూ నిలకడలేకపోవడమే.

వాస్తవం: రాజమహేంద్రవరం రెడ్డిరాజులు డెల్టా మీద 'హెల్డ్ స్వే' అని చరిత్ర పుస్తకంలో కనబడితే వాళ్లు ఊగారని కాదు, ఏలారని. పెత్తనం చెలాయించడం.

అపోహ: 'లెఫ్ట్ ఇన్ ద లర్చ్' అనేది పడవ కుదుపులోంచి వచ్చింది.

వాస్తవం: సఖినేటిపల్లి రేవులో ఆఖరి పంటు వెళ్లిపోయి అవతలి ఒడ్డున నరసాపురం దీపాలు చూస్తూ నిలబడ్డవాడికి ఈ కథ నిజమనే అనిపిస్తుంది. పంటు రేవుకి తగిలినప్పుడు జనం ఒక్కసారిగా ముందుకి తూలడం లర్చే, కాదనడం లేదు. కానీ నట్టేట వదిలెయ్యడం అనే అర్థమున్న లర్చ్ వేరే మాట. లూర్ష్ అనే పాత ఫ్రెంచి పాచికలాటలో చిత్తుగా ఓడిపోయినవాడి గతి అది. పడవలోంచి పుట్టిన మాట నిజంగా కావాలంటే కెరీన్ ఉంది. పడవను ఒడ్డుకి లాగి, పక్కకి ఒరగబెట్టి, అడుగున పట్టిన నాచూ గుల్లా గీకడం దాని మొదటి అర్థం. పక్కకి ఒరుగుతూ పోవడం అనే అర్థం తరవాత వచ్చింది.

అపోహ: ధర ఫ్లక్చువేట్ అయిందంటే పడిపోయిందనే.

వాస్తవం: అంబాజీపేట మార్కెట్టులో కొబ్బరి ధర పెరిగినా, తగ్గినా, మళ్లీ పెరిగినా ఫ్లక్చువేషనే. లాటిన్‌లో అలకున్న పేరే దాని మూలం. అల ఒక్క దిక్కుకే పోదు కదా. ఎటొచ్చీ ఓల్టేజీ విషయంలో మనం దీన్ని తగ్గడానికే వాడేస్తాం. కోనసీమ కరెంటు అనుభవం అలాంటిది.

ఆఖరిది డబ్బుతో ముడిపడింది. 2014లో రాష్ట్రంలో రైతు రుణమాఫీ వచ్చినప్పుడు ఇంగ్లీషు పేపర్లు దాన్ని లోన్ వేవర్ అన్నాయి. పలకడం ఒకటే కాబట్టి ఊగిసలాడే వేవర్ ఇదేనని నమ్మినవాళ్లున్నారు. రెండూ వేర్వేరు మాటలు. మాఫీ వేవర్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, హక్కు వదులుకోవడం దాని అర్థం. ఊగిసలాట వేవర్ ఉత్తర ఐరోపా భాషలది. రాతలో మాఫీకి 'ఏ' తరవాత ఒక 'ఐ' ఉంటుంది. బ్యాంకుకి అర్జీ ఇంగ్లీషులో పెట్టేవాళ్లు ఆ 'ఐ' మరిచిపోకండి.