ఇసుక తొట్టిని విడిచిన పిల్లి

ఇంటి పిల్లికి పూర్వజాతి ఆఫ్రికా అడవిపిల్లి. మెత్తని నేలను గోకి, మూత్రమును మట్టితో కప్పుట దాని సంతతికి సహజమైన అలవాటు. అట్టి జంతువు ఇసుక తొట్టిని విడిచి పరుపుమీదనో, గది మూలలోనో మూత్రము పోసినచో అది పగ తీర్చుకొనుట కాదు. అందులకు కారణము వేరుగా నుండును.

ముందుగా అది పోసిన తీరును గమనింపవలెను. నిలుచుండి, తోక నిలువుగా ఎత్తి, గోడపై చిమ్మినచో అది సరిహద్దు గుర్తు. వృషణములు తొలగించిన మగపిల్లులలో 10 లో సుమారు 9 ఈ అలవాటును మానును, లేదా తగ్గించును. కూర్చుండి నేలపై పోసినచో తరచు తొట్టిలో లోపమో, దేహములో వ్యాధియో కారణమై యుండును.

తొట్టి పిల్లి పొడవునకు ఒకటిన్నర రెట్లుండి, సన్నని ఇసుకతో, సందడి లేని చోట నుండవలెను. మురికిని ప్రతిదినము తీసివేయవలెను. రెండు పిల్లులకు మూడు తొట్టెలు మేలు. తడిసిన చోటును అమోనియా కలిసిన ద్రవముతో కడుగరాదు. ఆ వాసన మూత్రమును జ్ఞప్తికి తెచ్చును. ఎంజైములు గల ద్రవము వాసనకు మూలమైన పదార్థములను విచ్ఛిన్నము చేయును.

మగపిల్లి మాటిమాటికి ముక్కుచు చుక్క మూత్రమైనను పోయలేనిచో మూత్రనాళము మూసికొని యుండవచ్చును. అప్పుడు రక్తములో పొటాషియము పెరిగి, రెండు మూడు దినములలో ప్రాణము పోవచ్చును. అట్టి పిల్లిని దండింపక, తక్షణమే పశువైద్యుని వద్దకు కొనిపోవలెను.