కాకిబంగారంపై మేలిమి బంగారం

అభ్రకాన్ని మన పల్లెవాసులు కాకిబంగారం అంటారు. మెరుపే తప్ప విలువ లేనిదన్న చులకన ఆ పేరులోనే ఉన్నది. ఒకనాటి నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం, రాపూరు ప్రాంతాల గనులలో లభించిన ఈ ఖనిజం వాల్వు రేడియోల కాలంలో మేలైన విద్యుద్బంధకంగా పేరు పొందింది. పలుచని అభ్రకపు రేకుకు ఇరువైపులా వెండిపూత పూస్తే చక్కని కెపాసిటర్ తయారవుతుంది. అయితే ఇట్టి రేకుపై అసలు బంగారాన్ని పూసినప్పుడు ఏమి జరుగుతుందో విద్యార్థి మిత్రులకు వివరించాలని మా ఉద్దేశం. ఏలనగా, మనమందరం కంఠస్థం చేసిన ఒక వాక్యం అక్కడ చెల్లదు.

విశిష్ట నిరోధం పదార్థాన్ని బట్టి ఉంటుంది గాని దాని ఆకారాన్ని బట్టి ఉండదన్నదే ఆ వాక్యం. తీగ విషయంలో ఇది నిజమే. కాని గది ఉష్ణోగ్రత వద్ద బంగారంలో ఒక ఎలక్ట్రాన్ రెండు అభిఘాతాల నడుమ సగటున సుమారు 40 నానోమీటర్ల దూరం పోతుంది. నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. పొర మందం ఈ దూరానికన్న తగ్గితే, ఎలక్ట్రాన్లు పొర యొక్క పై తలాన్నీ క్రింది తలాన్నీ కూడా ఢీకొంటాయి. అందువలన విశిష్ట నిరోధమే పెరుగుతుంది.

పొర ఇంకను పలుచనైన యెడల మరొక వింత కనబడుతుంది. శూన్యంలో బంగారాన్ని ఆవిరి చేసి గాజుపలకపైకి పంపితే, అది మొదట చాపవలె పరచుకొనదు. తామరాకుపై నీటిబొట్లవలె విడివిడి దీవులుగా నిలుస్తుంది. మందం పెరిగేకొద్దీ దీవులు కలుస్తాయి. మైపాడు తీరంలో పోటు వేళ ఇసుకపల్లాలను గమనించండి. మొదట వేర్వేరు మడుగులు ఏర్పడతాయి. అవి ఒకటొకటిగా కలుస్తూ ఉండగా, ఏదో ఒక్క కలయికతో ఈ చివర నుండి ఆ చివరకు నీటిదారి పూర్తవుతుంది. లోహపు పొరలోనూ ఇంతే. ఆ కలయికకు ముందు పొర దాదాపు బంధకం, పిమ్మట వాహకం. నడుమ నిరోధం ఎన్నో వేల రెట్లు పడిపోతుంది. ఇట్టి కలయికల గణితాన్ని 1957లో బ్రాడ్‌బెంట్, హ్యామర్స్‌లీ అను శాస్త్రజ్ఞులు పెర్కొలేషన్ పేరుతో ప్రతిపాదించారు.

దీవులు విడిగా ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తుంది. టన్నెలింగ్ అను ప్రక్రియ ద్వారా ఎలక్ట్రాన్లు నడుమనున్న ఖాళీని దాటుతాయి. వేడి చేస్తే మామూలు లోహపు నిరోధం పెరుగుతుంది. దీవుల పొర నిరోధం తగ్గుతుంది. ఒక దీవిని విడిచి మరొక దీవిని చేరడానికి కావలసిన శక్తి ఆ వేడి వలన లభించడమే కారణం.

ఇక కాంతి సంగతి. 1857లో ఫారడే పలుచని బంగారు రేకులను పరీక్షించాడు. వాటిపై పడి తిరిగివచ్చిన వెలుగు పసుపు. వాటి గుండా దూసుకువచ్చిన వెలుగు ఆకుపచ్చ. అదే బంగారం నీటిలో సూక్ష్మకణాలుగా ఉంటే కెంపు రంగు. ఆ కణాలలోని ఎలక్ట్రాన్లు కాంతి తరంగంతో కలిసి ఊగుతాయి. ఈ అనునాదం సుమారు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద, అనగా ఆకుపచ్చ కాంతి వద్ద కలుగుతుంది. ఆ కాంతి శోషితమై, ఎరుపు మిగులుతుంది.

మరల తీరానికి వద్దాం. ఇసుకపై నీటిదారి ఆ చివర నుండి ఈ చివరకు కలిసిన తరువాత, దానిని కాలు తడవకుండా అడ్డంగా దాటలేము. తలంలో ఒకటి సాగితే రెండవది తెగవలసిందే. స్పంజిలో అట్లు కాదు. పదార్థమూ రంధ్రాలూ రెండూ తెగకుండా సాగుతాయి. వెండి అధికంగా కలిసిన బంగారాన్ని నత్రికామ్లంలో, అనగా మన ఇండ్లలో తేజాబ్ అనుకొనే దానిలో ఉంచితే, వెండి కరిగిపోయి గోధుమరంగు బంగారం మిగులుతుంది. బంగారపు పనివారికి ఇది పాత శుద్ధి పద్ధతే. ఆ మిగిలిన బంగారం లోపల నానోమీటర్ల కొలతలో రంధ్రాల వల ఉన్నదని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చూపింది. అన్నివైపులా రంధ్రాలున్నా లోహం తెగలేదు గనుక దానిగుండా విద్యుత్తు పారుతుంది.

ఇంతకూ అభ్రకం ప్రత్యేకత ఏమి? అప్పుడే విడదీసిన అభ్రకపు తలం పరమాణువుల కొలతలో కూడా చదునుగా ఉంటుంది. దానిని వేడిచేసి, చాలినంత మందంగా బంగారం పూస్తే, ఆ బంగారం కూడా అంతే చదునైన మెట్లుగా అమరుతుంది. 1981లో బిన్నిగ్, రోరర్ నిర్మించిన స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శినితో పరమాణువులను పరిశీలించే ప్రయోగశాలలకు ఇట్టి పొరలు ఎంతో అక్కరకు వచ్చాయి.

విద్యార్థులు ఒక ప్రయోగం చేయవచ్చు. విందులలో మిఠాయిపై అంటించే వెండి వరఖ్‌ను గాజుపలకపై పరచి, బ్యాటరీ, గాల్వనామీటరు, తగిన నిరోధం వరుసగా కలపండి. సూదితో చిల్లులు పొడుస్తూ పొండి. చాలాసేపు ముల్లు కదలుతూనే ఉంటుంది. చివరి దారి తెగినప్పుడే ప్రవాహం ఆగుతుంది. లోహం పలుచనైనప్పుడు, అది ఏ పదార్థమన్న ప్రశ్నతోపాటు, దాని భాగాలు ఎట్లు కలిసి ఉన్నవన్న ప్రశ్న కూడా వేయవలెనని అప్పుడు బోధపడుతుంది.

మన గనులలో కత్తిమొనతో అభ్రకపు పొరలు విడదీసిన కార్మికుల చేతులకు ఆ చదును ఎన్నడో తెలుసు. ఇకపై ఆ రాతిని కాకిబంగారమని పిలిచినా, చులకనగా పిలువవద్దని మా మనవి.