రిజిస్టరుకెక్కని లెక్క

ఏ సిలబస్‌లోనూ కనపడని చిన్న పాఠం ఒకటి మేము తప్పు చేసి నేర్చుకున్నాం. తోటి విద్యార్థులకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నేనూ, మరో ఇద్దరు మిత్రులూ కలిసి హాస్టల్ మెస్ లెక్కల కోసం జాంగోలో ఒక ప్రోగ్రాం రాశాం. జాంగో అంటే పైథాన్ భాషలో వెబ్‌సైట్లు తయారుచేసే సాధనం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది.

మా పట్టికలో ప్రతి విద్యార్థికీ ఒక వరుస: పేరు, తిన్న రోజులు, బిల్లు. నెలాఖరున రోజు రేటును 92 రూపాయల నుంచి 87కు సవరించారు. రేటు మారింది గాని, పట్టికలో రాసిపెట్టిన బిల్లు మారలేదు! 28 రోజులు తిన్న ఒక మిత్రుడు 2,436 కట్టవలసింది 2,576 కట్టాడు. ఆ 140 రూపాయలు అతను ఊరికి పోవడానికి దాచుకున్నవి.

తప్పెక్కడుంది? బిల్లును పట్టికలో రాయడమే తప్పు.

పట్టికలోంచి తెచ్చిన వరుస మెమరీలో ఒక ఆబ్జెక్టు అవుతుంది. పెద్ద రిజిస్టరులోంచి చీటీ మీదికి ఎత్తి రాసుకున్నట్లన్నమాట. పైథాన్‌లో ఆ చీటీకి 'బిల్లు' అనే కొత్త గుణాన్ని అప్పటికప్పుడు తగిలించవచ్చు: రోజులను రేటుతో హెచ్చవేసి అందులో పెడితే సరి. పేజీ మీద బిల్లు కనిపిస్తుంది. 'సేవ్' అన్నా రిజిస్టరుకెక్కదు. ఎందుకంటే సేవ్ మోడల్‌లో ప్రకటించిన ఫీల్డులను మాత్రమే రాస్తుంది.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. అదే వరుసను డేటాబేసు నుంచి మళ్ళీ తెస్తే వచ్చేది కొత్త చీటీ. దాని మీద మన బిల్లు ఉండదు. ఇక తాత్కాలిక గుణానికి పొరపాటున ఉన్న ఫీల్డు పేరే పెట్టామా, సేవ్ అనగానే అసలు విలువ చెరిగిపోతుంది.

బిల్లును బట్టి విద్యార్థులను డేటాబేసులోనే వరుసలో పెట్టాలంటే మాత్రం చీటీ చాలదు. 'ఆనొటేట్' ద్వారా లెక్కను డేటాబేసు చేతనే చేయించాలి. అప్పుడూ బిల్లు పట్టికలో చేరదు. పైగా ఫీల్డు పేరు వాడితే జాంగో అక్కడే అభ్యంతరం చెబుతుంది.

మరి అన్నీ తాత్కాలికమేనా? కాదు. మళ్ళీ లెక్కించుకోగలిగినదాన్ని రాయనక్కరలేదు. జరిగినదాన్ని రాసి తీరాలి. మా మిత్రుడు 2,576 కట్టడం జరిగిన సంగతి. రసీదుల పట్టికలో అది ఇప్పటికీ అలాగే ఉంది. దాని కింద 140 రూపాయలు తిరిగి ఇచ్చినట్లు ఇంకో వరుస చేర్చాం.