కారు తీగలు, ఎలుక పళ్లు

గత వానాకాలంలో ఒక తెల్లవారుజామున మా వీధి పెద్దాయనను డయాలసిస్‌కు తీసుకుపోవలసి ఉన్నది. వారానికి మూడుసార్లు ఆయన మా కారులోనే పోతారు. ఆ రోజు తాళం తిప్పగానే ఇంజను వణికింది, మీటరులో పసుపు దీపం వెలిగింది, బండి ఆగిపోయింది. ఆటో పిలిచి ఆయనను పంపినాము. తరువాత బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన గడ్డిపోచలు, గుడ్డ పీలికలు. నాలుగు తీగల తొడుగు పోయి రాగి బయటపడి ఉన్నది.

మా ఇల్లు మండిబజారుకు దగ్గర. బియ్యం, పప్పుల బస్తాలున్న చోట ఎలుక ఉండక మానదు. వానకు కలుగుల్లోకి నీళ్లు చేరితే పొడిగా, వెచ్చగా ఉండే చోటు వెతుక్కుంటుంది. రాత్రి నిలిపిన కారు ఇంజను దానికి సరిగ్గా సరిపోతుంది. ఎలుక ముందుపళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కనుక ఏదో ఒకటి కొరికి అరగదీసుకోవాలి. తీగల తొడుగులో సోయా కలపడం వల్లనే ఎలుకలు వస్తున్నాయని 2016లో అమెరికాలో టయోటా మీద దావా వేశారు. సోయా ఒక్కటే కారణమంటే మేము నమ్మము. మా చిన్ననాటి అంబాసిడర్ల తీగలనూ ఎలుకలు వదలలేదు.

మొదట వచ్చిన మెకానిక్ తీగలను మెలిపెట్టి నల్ల టేపు చుట్టి పోయినాడు. పదిహేను రోజులకే మళ్లీ అదే దీపం. ఎందుకంటే ఇంజను వేడికి టేపు జిగురు కారిపోతుంది, లోపలికి తేమ చేరి రాగి పచ్చబడుతుంది. ఇంజనులోని చాలా సెన్సార్లు 5 వోల్టులతో పనిచేస్తాయి. అతుకు దగ్గర కొద్దిపాటి నిరోధం పెరిగినా కంప్యూటరుకు తప్పుడు లెక్క అందుతుంది. బల్బు తీగకు చెల్లే అతుకు సెన్సారు తీగకు చెల్లదు.

సరైన మరమ్మతు ఇట్లా ఉంటుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. కొరికిన ముక్కను శుభ్రమైన రాగి కనబడేదాకా కోసి, అదే మందం గల కొత్త తీగను సోల్డరింగుతోనో, క్రింపింగుతోనో కలపాలి. జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చేస్తే అది తీగను బిగించుకొని తేమను ఆపుతుంది. పక్కపక్క తీగల అతుకులు ఒకేచోట రాకూడదు. ఫ్యూజు కాలిందని అంతకన్నా పెద్దది వేయడం ప్రమాదం. రాత్రి దీపం ఆర్పి పడుకోమని, ఎలుక వత్తిని ఈడ్చి ఇల్లంటించవచ్చని హదీసులో చదివినవాళ్లమే. రాగి బయటపడిన తీగ కూడా అటువంటి వత్తే.

పసుపు తొడుగు తీగలు సాధారణంగా ఎయిర్‌బ్యాగువి, నారింజ రంగువి హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలోని అధిక వోల్టేజీవి. వాటిని వీధి మెకానిక్ ముట్టుకోకూడదు. పెట్రోలు వాసన వస్తే గొట్టాన్నీ కొరికినట్టే, తాళం తిప్పకండి.

గూడు తీసేటప్పుడు చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు ఉండాలి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పొడిగా ఊడ్చకుండా బ్లీచింగు నీళ్లతో గూటిని తడిపి తీయాలి.

ఇక నివారణ. హోండా కంపెనీ మిరపఘాటు పట్టించిన టేపు అమ్ముతుంది, దాన్ని తీగలకు చుడతారు. అది విని మా మిత్రుడొకరు ఇంజను మీద కారప్పొడే చల్లినారు. ఏసీ వేయగానే అందరికీ దగ్గు. పైగా అది 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాట మిరప, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ! నాఫ్తలీన్ ఉండల ఆవిరి కారు లోపలికే వస్తుంది, పిల్లలకు మంచిది కాదు. విషం పెడితే ఎలుక ఏ సందులోనో చచ్చి నెల రోజులు కంపు. బోను మేలు. గాలి లోపలికి పోయే దారులకు సన్నని ఇనుప జాలీ బిగించడం ఇంకా మేలు.

బీమాలో థర్డ్ పార్టీ పాలసీకి ఈ నష్టం రాదు. సొంత నష్టం పాలసీ ఉంటే షరతులు చదివి అడగండి. అయితే క్లెయిము చేస్తే, మొదటి ఏడాదికి 20 నుంచి ఐదేళ్లకు 50 శాతం వరకు పెరిగే బోనసు పోతుంది. మేము చిన్న మరమ్మతుకు క్లెయిము చేయలేదు.

డయాలసిస్ రోజుల్లో ఇప్పుడు అరగంట ముందే లేస్తున్నాము. తాళం తిప్పకముందే బానెట్ ఎత్తి, టార్చి వేసి గడ్డిపోచలేమైనా ఉన్నాయేమో చూస్తాము.