మీకు తెలుసా? వజ్రం లోపల 'తరంగ సంఖ్య' మారుతుంది, శక్తి మారదు

సూరత్ మహీధర్‌పురా వీధుల్లో పొట్లం విప్పి చూపించే వజ్రం గనిలో పుట్టిందో, యంత్రంలో పెరిగిందో కంటికి తేలదు. ల్యాబ్‌కు పంపాల్సిందే. పరారుణ పరీక్షలో 1282 దగ్గర శిఖరం లేస్తే రాయిలో నత్రజని పరమాణువులు జంటలు కట్టాయని అర్థం. గని వజ్రాల్లో ఎక్కువ భాగం నత్రజని గుంపులు ఉన్నవే. ల్యాబ్‌లో సీవీడీ (రసాయన ఆవిరి నిక్షేపణ) పద్ధతిలో పెంచిన వాటిలో ఆ చోటు మామూలుగా ఖాళీ. (ఖాళీగా ఉన్నంత మాత్రాన ల్యాబ్ రాయి అనేయకూడదు. నత్రజని దాదాపు లేని సహజ వజ్రాలూ అరుదుగా దొరుకుతాయి.) ఇక లేజరు వేసి, చెదిరిన కాంతి దాన్నుంచి ఎంత జరిగిందో చూసే రామన్ పరీక్షలో 1332 దగ్గర సన్నని గీత పడితే అది వజ్రమే.

ఈ అంకెలన్నీ ఇన్వర్స్ సెంటీమీటర్లు. అంటే సెంటీమీటరు పొడవులో ఎన్ని అలలు పడతాయన్న లెక్క. దీని పేరే తరంగ సంఖ్య. పొడవుకు సంబంధించిన ఈ కొలతను స్పెక్ట్రోస్కోపీ వాళ్లు దర్జాగా 'శక్తి' అనేస్తారు. ప్లాంక్ స్థిరాంకంతో, కాంతి వేగంతో గుణిస్తే నిజంగానే శక్తి వస్తుంది కాబట్టి చెల్లిపోతోంది. 8065.5 అయితే ఒక ఎలక్ట్రాన్ వోల్ట్. 1332 అయితే 0.165.

నానోమీటర్లలోనే చెప్పొచ్చుగా? చెప్పి చూడండి. 532 నానోమీటర్ల పచ్చ లేజరు వేస్తే వజ్రం గీత 572.6 దగ్గర పడుతుంది, తేడా 40.6. లేజరు మార్చి 785 వేస్తే తేడా దాదాపు 92. రాయి అదే, అంకె వేరు! లేజరు తరంగ సంఖ్యలోంచి గీత తరంగ సంఖ్యను తీసివేస్తే రెండుసార్లూ 1332 వస్తుంది. వజ్రంలోని కార్బన్ అల్లిక కంపించడానికి ఉంచేసుకునే శక్తి అదే మరి. వజ్రంలో రామన్ ఫలితంపై 1930లోనే పరిశోధన ప్రచురించిన వారిలో ఆగిరిపల్లిలో పుట్టిన మన భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం ఒకరు.

అయితే తరంగ సంఖ్య శక్తికి అచ్చమైన ప్రమాణం కాదు. ఆ సంగతి పట్టించేది కూడా వజ్రమే. దాని వక్రీభవన గుణకం సుమారు 2.42. లోపలికి వెళ్లిన కాంతి అల అంత మేర కుదించుకుపోతుంది, సెంటీమీటరులో పట్టే అలలు 2.42 రెట్లవుతాయి. ఫోటాన్ శక్తి మాత్రం రవ్వంత కూడా పెరగదు. అందుకే లెక్కలో రాసేది శూన్యంలోని తరంగ సంఖ్య. గాలికీ శూన్యానికీ కూడా తేడా ఉంది: పచ్చ లేజరుకు అది 5 ఇన్వర్స్ సెంటీమీటర్ల దాకా వస్తుంది. రామన్ పరీక్షలో తీసివేత వల్ల అందులో చాలా భాగం కొట్టుకుపోతుంది కనుక రాయిని గుర్తుపట్టడానికి దాంతో ఇబ్బంది లేదు.